కోర్టుకు పోయే ముందు లైబ్రరీకి పోవాలి

మొన్న మా బడిలో ఏడో తరగతి పిల్లలను రెండు ప్రశ్నలు అడిగాను. "మన దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టు ఎక్కడుంది?" అంటే "ఢిల్లీ సార్" అని తరగతంతా ఒక్కసారే అరిచింది. "మన దేశపు జాతీయ గ్రంథాలయం ఎక్కడుంది?" అంటే ఎవరూ మాట్లాడలేదు. చివరికి వెనక బెంచీ పిల్లగాడు ఒకడు లేచి, "అట్లాంటిది కూడా ఉంటదా సార్?" అన్నాడు.

అది మాక్లూర్ మండలంలోని ఒక సర్కారు బడి. పిల్లల తప్పేమీ లేదు. ఆ సాయంత్రం తోటి టీచర్లను అడిగితే ఇద్దరు హైదరాబాద్ అన్నారు, ఒకరు ఢిల్లీ అన్నారు. మన సంఘాల మీటింగుల్లో ఎన్నో ఏళ్లుగా కూర్చుంటున్నాను. "సుప్రీంకోర్టు దాకా పోతాం" అనే మాట లేకుండా ముగిసిన మీటింగు నాకు గుర్తు లేదు. "జాతీయ గ్రంథాలయం దాకా పోతాం" అన్నవాళ్లను మాత్రం ఒక్కరినీ చూడలేదు. కోర్టులో మనం ఓడిపోయిన చోటల్లా అంతకు ముందే లైబ్రరీలో ఓడిపోయి ఉన్నామని నేనంటాను. ఒప్పుకోని తమ్ముళ్లు, చెల్లెళ్లు నాతో కొట్లాడండి. కానీ రాసి కొట్లాడండి.

ముందు ఈ రెండు ఇండ్లనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

సుప్రీంకోర్టు 1950 జనవరి 28న మొదలైంది. తొలి ఏళ్లలో పార్లమెంటు భవనంలోనే నడిచి, 1958లో తిలక్ మార్గ్‌లోని ఇప్పటి భవనానికి మారింది. మొదట ప్రధాన న్యాయమూర్తితో కలిపి 8 మంది ఉండేవాళ్లు, 2019 నాటికి ఆ సంఖ్య 34 అయింది. రాజ్యాంగం 141వ అధికరణ ప్రకారం ఆ కోర్టు చెప్పిన న్యాయసూత్రం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యం. 348వ అధికరణ ప్రకారం అక్కడి వ్యవహారమంతా ఇంగ్లీషులో సాగుతుంది. 129వ అధికరణ ప్రకారం అది రికార్డుల కోర్టు కూడా. అంటే అది చెప్పిన మాట శాశ్వతంగా నిలిచి ఉంటుంది, రేపటి కేసుకు సాక్ష్యంగా పనికొస్తుంది.

జాతీయ గ్రంథాలయం కోల్‌కతాలో, అలీపూర్ దగ్గర బెల్వెడేర్ ఎస్టేటులో ఉంది. దాని వేరు 1836 నాటి కలకత్తా పబ్లిక్ లైబ్రరీలో ఉంది. 1903లో కర్జన్ దాన్ని ఇంపీరియల్ లైబ్రరీగా తెరిచాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో చట్టం చేసి పేరు మార్చారు. 1953 ఫిబ్రవరి 1న మౌలానా అబుల్ కలాం ఆజాద్ దాన్ని జాతీయ గ్రంథాలయంగా ప్రజలకు తెరిచారు. 20 లక్షలకు పైగా పుస్తకాలున్నాయి. తెలుగుకు ఒక విభాగం ఉంది. 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం ప్రకారం మన దేశంలో పుస్తకం అచ్చువేసిన ప్రతి ప్రచురణకర్తా 30 రోజుల్లోగా ఒక ప్రతిని తన ఖర్చుతో ఈ గ్రంథాలయానికి, ఒక్కో ప్రతిని మరో మూడు గ్రంథాలయాలకు పంపాలి. పంపకపోతే 50 రూపాయల దాకా జరిమానా, ఆ పైన పుస్తకం విలువ.

ఇప్పుడు తేడా చూడండి. కోర్టు గడప తొక్కాలంటే ముందు మనకు ఒక దెబ్బ తగలాలి. తర్వాత వకీలు కావాలి, ఫీజు కావాలి, ఇంగ్లీషు కావాలి. ఇన్ని ఉన్నా మన నోటి మాట అక్కడ వినపడదు, మన తరఫున వకీలు మాట వినపడుతుంది. గ్రంథాలయం మాత్రం దెబ్బ తగిలిందా అని అడగదు. ఏ కులం, ఏ చదువు అని అడగదు. అచ్చయిన పుస్తకం పంపు, దాచుకుంటానంటుంది. పంపకపోతే నీదే తప్పు అని చట్టం కూడా చెబుతుంది. ఈ దేశంలో ఆదివాసీ మాటను తీసుకోక తప్పదని చట్టం రాసిపెట్టిన ఇండ్లు ఎన్ని ఉన్నాయి? ఉన్న ఒక్క ఇంటికి మనం ఎన్ని పుస్తకాలు పంపాం?

కోర్టులో ఇద్దరు వాదిస్తే చివరికి ఒక్కరి మాట నిలుస్తుంది. లైబ్రరీ అరలో ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కనే నిలబడతాయి. తీర్పు నచ్చకపోతే అంతకన్నా పెద్ద ధర్మాసనం దాకా ఎదురుచూడాలి. పుస్తకం నచ్చకపోతే నువ్వు ఇంకో పుస్తకం రాయొచ్చు. తీర్పు రాసే అధికారం మనకు లేదు. పుస్తకం రాసే అధికారం ఉంది, వాడుకోవడం లేదు.

"పుస్తకాలతో ఏమైతది సార్, కోర్టు కాగితమే పని చేస్తది" అంటారు. ఆ కోర్టు కాగితం ఎక్కడి నుంచి పుడుతుందో నా సొంత అనుభవం చెబుతాను.

నేను నాయకపోడు. మాది మైదానం బతుకు. మా బాపు బోధన్ షుగర్ ఫ్యాక్టరీకి పోయే చెరుకు నరికినవాడు. నేను టీటీసీ చేసి ఉద్యోగానికి ఎంపికైనప్పుడు కుల ధ్రువీకరణ విచారణ అని ఒక ఆఫీసుకు పిలిచారు. మా దేవుడెవరు, పెళ్లి ఎట్లా చేస్తాం, మనిషి పోతే పూడ్చుతామా కాలుస్తామా అని అడిగారు. బాపు ఒక్కొక్కటే చెప్పాడు. లక్ష్మీదేవర గురించి, కొయ్య ముఖాలు కట్టుకొని ఆడే ఆట గురించి చెప్పాడు. అవతలాయన బల్ల మీద ఏదో పాత ఇంగ్లీషు పుస్తకం జిరాక్సు ఉంది. దాంట్లో వేలు పెట్టి చూసి, "పుస్తకంలో ఇట్లా లేదే" అన్నాడు. బాపు చాలాసేపు ఊరుకొని, "ఆ పుస్తకం రాసినాయన మా ఊరికి ఎప్పుడొచ్చిండు సారూ?" అని అడిగాడు.

సర్టిఫికెట్ చివరికి చేతికి వచ్చింది. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ ఆఫీసులో జరిగింది ఒక మనిషి చెడ్డతనం కాదని తర్వాత అర్థమైంది. 1994లో సుప్రీంకోర్టు కుమారి మాధురీ పాటిల్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. దొంగ సర్టిఫికెట్లను పట్టుకోవడానికి పరిశీలన కమిటీలు ఉండాలని, ఎస్టీ అని చెప్పుకునే మనిషి ఆ తెగ ఆచారాలు, దేవతలు, పెళ్లి, చావు కర్మలు తెలిసినవాడా కాదా చూడాలని చెప్పింది. దొంగ సర్టిఫికెట్లు మన పొట్ట కొట్టేవే, వాటిని పట్టుకోవాల్సిందే. కానీ ఆ ఆచారాలు సరైనవో కాదో దేనితో పోల్చి చూస్తారు? లైబ్రరీలో ఉన్న పుస్తకంతో. దక్షిణ భారతం మీద 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాలు వేశాడు. నిజాం రాజ్యంలోని కులాల మీద 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ పుస్తకం వచ్చింది. థర్‌స్టన్ అయితే మన ముక్కులను పరికరంతో కొలిచినవాడు. మన గురించి మనం రాయని చోట మన ముక్కు కొలిచినవాడే సాక్షి అవుతాడు. ఆచారాల పరీక్ష ఒక్కటే గీటురాయి కాదని అదే కోర్టు 2023 మార్చిలో మరో కేసులో చెప్పింది. 

కాబట్టి కోర్టు వేరు, లైబ్రరీ వేరు అనుకోవద్దు. చెరువు పైన లైబ్రరీ ఉంది, తూము కింద కోర్టు ఉంది. పైన ఏ నీళ్లు చేరితే కింద ఆ నీళ్లే పారతాయి.

ఇక మన టీచర్ల సంగతికి వస్తాను. షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000 జనవరి 10న జీవో 3 ఇచ్చింది. మా నిజామాబాద్ జిల్లాలో షెడ్యూల్డ్ ఏరియా లేదు కాబట్టి మాకు అది వర్తించలేదు. అయినా అది మనందరి జీవో. 2020 ఏప్రిల్ 22న చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమన్నది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలను షరతులతో కాపాడింది. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి 5 లక్షల రూపాయల ఖర్చులు వేసింది.

నాకు ఎక్కువ నొప్పి కలిగించింది తీర్పులోని లెక్క కాదు, మాట. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలనుకోవడం ఏవగించుకోవాల్సిన ఆలోచన అన్న అర్థం వచ్చేలా రాశారు. మన భాష, మన ఆదిమ జీవన పద్ధతి మనను ప్రధాన స్రవంతిలో ఇమడనివ్వవన్నట్టు రాశారు. రికార్డుల కోర్టు కదా, ఆ మాట అట్లాగే నిలిచి ఉంటుంది. నూరేళ్ల తర్వాత మన మునిమనవడు తెరిచినా కనపడుతుంది.

కోపం వచ్చింది. ధర్నాలు చేశాం, రివ్యూ పిటిషన్ వేయాలని వినతిపత్రాలు ఇచ్చాం. అది చేయాల్సిందే. కానీ కోపం దిగాక నన్ను నేను అడిగాను. ఇంట్లో గోండి మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో తెలుగు టీచరు ముందు కూర్చుంటే ఏమవుతుందో ఆ న్యాయమూర్తికి ఎట్లా తెలుస్తుంది? ఆ పిల్ల నీళ్లు అడగలేక, బయటికి పోతానని చెప్పలేక, మూడో నెలలో బడి మానేసిన కథ ఏ పుస్తకంలో ఉంది? ఇరవై ఏళ్లు ఆ జీవో కింద ఉద్యోగాలు చేసిన మన టీచర్లలో ఎంతమంది తమ తరగతి అనుభవాన్ని పుస్తకంగా రాశారు? ఎంతమంది రాసి అచ్చువేసి కోల్‌కతాకు పంపారు? సర్వీసు రిజిస్టరు రాశాం, మధ్యాహ్న భోజనం లెక్క రాశాం, ఎన్నికల డ్యూటీ ఫారాలు రాశాం. మన చదువు గురించి మాత్రం రాయలేదు.

మొదలు మన దగ్గర లేక కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీమ్‌ను చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచరు శిక్షణ మొదలైంది. గోండిలో వాచకాలు అచ్చువేశారు. ఆదివాసులకు ఆదివాసులే చదువు చెప్పడం ఈ నేలమీద ఏనాడో మొదలైన పని అన్నమాట. ఆ సంగతి హైమెన్‌డార్ఫ్ రాశాడు కాబట్టి లోకానికి తెలుసు. మార్లవాయిలో పాఠం చెప్పిన గోండు టీచరు తన మాటల్లో రాసిన పుస్తకం ఏదని మీ పిల్లలు అడిగితే మీరు ఏది చూపిస్తారు?

"మనది నోటి సంస్కృతి, రాత మనది కాదు" అనేవాళ్లు మనలోనే ఉన్నారు. వాళ్లను ఒకసారి గుంజాల పోయి రమ్మంటాను. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని ఆ ఊళ్లో గోండి లిపి రాతప్రతులను మనవాళ్లే తరతరాలుగా ఇండ్లలో దాచుకున్నారు. ఆ గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, ఇప్పుడు ఫోన్లోనూ కంప్యూటర్లోనూ దానికి చోటుంది. బీరువా లేదు, భవనం లేదు, బడ్జెట్ లేదు. అయినా ఆ ఇండ్లు గ్రంథాలయాల పని చేశాయి. నోటి మాట గొప్పదే. కానీ చెప్పే ముసలామె పోయిన రోజున పోయేది ఆమె ఒక్కతే కాదు.

లైబ్రరీని నేను గుడి చేయడం లేదు. కర్జన్ తెరిచిన ఇల్లు అది. అక్కడ మనం ఇన్నాళ్లూ కొలతలకు, ఫొటోలకు పనికొచ్చే జాతిగానే ఉన్నాం. భాషల లెక్క కూడా చూడండి. 2011 జనగణనలో గోండి మాతృభాషగా చెప్పినవాళ్లు దాదాపు 30 లక్షలు. సంస్కృతం అని చెప్పినవాళ్లు 25 వేలకు లోపే. ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో సంస్కృతం ఉంది, గోండి లేదు. సంతాలీ, బోడో భాషలు మాత్రం 2003 నాటి సవరణతో చేరాయి. చేరినవాళ్లు ఊరికే చేరలేదు. సంతాలీవాళ్లు తమ ఓల్ చికి లిపిలో పుస్తకాలు అచ్చువేసుకుంటూ, పాఠాలు చెప్పుకుంటూ అడిగారు. అడిగే నోటికి చేతిలో పుస్తకం ఉంటే బలం వేరు.

కోర్టును నేను తీసిపారేయడం కూడా లేదు. 1988లో పి. రామిరెడ్డి కేసులో 1970 నాటి ఒకటో నంబరు భూబదిలీ నిబంధనను నిలబెట్టింది సుప్రీంకోర్టే. 1997లో సమత తీర్పుతో షెడ్యూల్డ్ ఏరియాలో గనుల కంపెనీల లీజులను అడ్డుకున్నదీ అదే. మహారాష్ట్రలో ఒక భిల్లు స్త్రీని బట్టలూడదీసి ఊరేగించిన కేసులో 2011లో తీర్పు చెబుతూ, ఈ దేశపు అసలు వారసులు ఆదివాసులేనని, ఏకలవ్యుడి బొటనవేలు అడగడం ద్రోణుడికి సిగ్గుచేటని రాసిందీ అదే కోర్టు. అదే కోర్టు 2019 ఫిబ్రవరి 13న అటవీ హక్కుల దరఖాస్తులు తిరస్కరణకు గురైనవాళ్లను అడవి నుంచి ఖాళీ చేయించమన్నది. దేశమంతా అలజడి లేచాక ఫిబ్రవరి 28న తన ఉత్తర్వును తానే ఆపింది. పదిహేను రోజుల పాటు లక్షల కుటుంబాల గుండె గొంతులో ఉంది. ఒక ధర్మాసనం తల్లిలాగా మాట్లాడుతుంది, ఇంకోటి మారుతల్లిలాగా మాట్లాడుతుంది. అట్లాంటి గడప ముందు ఉత్త చేతులతో నిలబడటం తెలివి కాదు.

రాతతో నిలబడితే ఏమవుతుందో రెండు సంగతులు చెబుతాను.

ఒకటి మధుర కేసు. 1972లో మనకు పక్కనే, మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లా దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో ఒక ఆదివాసీ బాలిక మీద పోలీసులు అత్యాచారం చేశారన్నది కేసు. 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ విడిచిపెట్టింది. ఆమె ఒంటి మీద గాయాలు లేవు, కేకలు వేయలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనన్న ధోరణిలో రాసింది. మరుసటి ఏడు నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ ఆ తీర్పును తప్పుపడుతూ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. వాళ్లకూ మనలాగే పాఠం చెప్పుకునే బతుకే. ఆ లేఖ చేతులు మారింది, ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చారు, 1983లో అత్యాచార చట్టమే మారింది. తీర్పు మారలేదు, ఆ పిల్లకు న్యాయం జరగలేదు. కానీ దేశపు అతి పెద్ద కోర్టు రాతకు టీచర్ల రాత ఎదురు నిలబడింది.

రెండోది నియమగిరి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండ మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది అక్కడి గ్రామసభలే చెప్పాలన్నది. పన్నెండు ఊళ్లలో గ్రామసభలు పెట్టారు. జిల్లా జడ్జి ఎదురుగా డోంగ్రియా కోందులు, వాళ్ల ఇరుగుపొరుగు జనం తమ మాటల్లో తమ కొండ గురించి చెప్పారు. ఆ మాటలు తీర్మానాలుగా కాగితం మీదికి ఎక్కాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. గని ఆగింది. ఆ రోజు కోర్టు లైబ్రరీ పని చేసింది. తను మాట్లాడటం ఆపి జనం మాటను రాయించింది. మన మాట రికార్డులోకి ఎక్కిన చోట మనం గెలిచాం.

అటవీ హక్కుల చట్టం కింది నిబంధనల్లో 13వ నిబంధన తీసి చదవండి. సాక్ష్యాల జాబితాలో గెజిటీర్లు, జనగణన, పాత రికార్డులు ఉన్నాయి. ఆచారాల మీద పేరున్న సంస్థలు చేసిన అధ్యయనాలు ఉన్నాయి. పెద్దమనుషులు చెప్పిన మాటను రాసుకున్న వాంగ్మూలం కూడా ఉంది. అంటే మీ తాత మాట మీరు నోటుబుక్కులో సరిగా రాస్తే చట్టం దాన్ని సాక్ష్యంగా చూస్తుంది. పోడు పట్టాకూ నోటుబుక్కుకూ ఉన్న సంబంధం ఇది.

చివరికి మన పక్కింటివాళ్ల కథ. నిజాం కాలంలో కోర్టుల్లో, కచేరీల్లో ఉర్దూ నడిచేది. 1921లో హైదరాబాద్‌లో ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ సంఘం గాల్లోంచి ఊడిపడలేదు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్నారు. ఊరూరా గ్రంథాలయాలు కట్టుకున్నారు. అక్కడ చదివినవాళ్లే ఆంధ్ర మహాసభను నడిపారు, 1937లో ఆ సభ మా నిజామాబాద్‌లోనే జరిగింది. తమ భాషకు కోర్టులో చోటు లేనప్పుడు తెలుగువాళ్లు మొదట లైబ్రరీ తెరిచారు. ఆ తెలుగే ఇవాళ బడిలో గోండి పిల్లను, కోయ పిల్లను నోరు మూయిస్తుంటే, వాళ్లు చేసిన పనే మనం చేయాలి.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. మన సంఘం అచ్చువేసే ప్రతి పుస్తకం, ఈ చిన్న పుస్తకంతో సహా, 30 రోజుల్లో కోల్‌కతాకు పోవాలి, రసీదు ఫైల్లో ఉండాలి. ప్రతి టీచరూ ఏడాదికి పది పేజీలు తన తరగతి గురించి రాయాలి. సెలవుల్లో ఇంటికి పోయే ప్రతి హాస్టల్ పిల్లా ఒక అవ్వ దగ్గర కూర్చొని ఊరి హద్దులు, దేవర పేర్లు, పోడు మొదలైన కథ రాసుకురావాలి, తేదీ వేసి వేలిముద్ర తీసుకోవాలి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు మనమూ కడుతున్నాం. కాబట్టి జిల్లా గ్రంథాలయ సంస్థకు పోయి మన భాషల అర ఏదని అడగాలి. ఉద్యోగ పరీక్షల గైడ్లు చదువుకునే యువకులు అదే గదిలో కూర్చుంటారు కదా, అడగటానికి వాళ్లకేం అడ్డు?

ఇదంతా చేస్తే రేపే కేసులు గెలుస్తామని నేను చెప్పను. కానీ ఇంకో ఇరవై ఏళ్లకు ఏదో ఒక ఆఫీసులో ఎవరో ఒక పిల్ల తండ్రి పక్కన నిలబడుతుంది. "పుస్తకంలో ఇట్లా లేదే" అని అవతలాయన అంటాడు. అప్పుడు ఆ పిల్ల సంచీలోంచి తీసి, "ఈ పుస్తకంలో ఉంది సార్, మా సార్ రాసిండు" అనాలి. మా బాపు అడిగిన ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే. ఇది రాస్తూ నేనూ నా పది పేజీలు మొదలుపెట్టాను. మీరెప్పుడు మొదలుపెడతారు?